సవర పిల్లల మేష్టారు గిడుగు రామమూర్తి పంతులు గారు

ఈ ఏటి సంచికకు ఏదైనా వ్రాసి ఇమ్మని మన సంఘం పెద్దలు అడిగినప్పుడు, నేను ఉర్దూ బడిలో పాఠాలు చెప్పుకునే వాణ్ణి గనుక చదువు సంగతే వ్రాద్దామనుకున్నాను. పుట్టి పెరిగింది ఉద్దానంలో. పలాస జీడితోటల్లోనూ, కవిటి కొబ్బరితోటల్లోనూ తిరిగిన వాణ్ణి. ఇంట్లో ఉర్దూ, గుమ్మం దాటితే తెలుగు, ఇచ్ఛాపురం వైపు చుట్టాలింటికి వెళ్తే ఒడియా. ఇలా మూడు భాషల నడుమ పెరిగిన నాకు, మన ప్రాంతంలోనే బతికి, పిల్లవాడి భాష ముందు పంతులు నేర్చుకోవాలని చేసి చూపించిన ఒక మహానుభావుడి జీవితం చెప్పడం ధర్మమనిపించింది. ఆయనే గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారు. వాడుకభాష కోసం పోరాడిన వారిగా ఆయన పేరు అందరికీ తెలుసు. కొండల్లోని పిల్లలకు ఆయన బడులు పెట్టిన సంగతి మాత్రం మన కుర్రాళ్ళలో చాలామందికి తెలియదు.

ఆయన కథ అర్థం కావాలంటే పూర్వం పల్లెటూళ్ళలో పిల్లలు ఎలా చదువుకునేవారో కొంచెం చెప్పుకోవాలి.

అప్పట్లో సర్కారు బడి అంటూ ఊరూరా లేదు. ఊళ్ళో ఒక అయ్యవారు ఉండేవారు. పెద్దరైతు ఇంటి అరుగు మీదో, చావడిలోనో, చెట్టు కిందో పిల్లల్ని కూర్చోబెట్టేవారు. దాన్నే వీధిబడి అనేవారు. జీతం డబ్బు రూపంలో తక్కువ, ధాన్యం రూపంలో ఎక్కువ. దసరాకి పిల్లలు విల్లంబులు పట్టుకుని పాటలు పాడుతూ ఇంటింటికీ తిరిగితే, పంతులుగారికి కాస్త సంభావన, పిల్లలకు పప్పుబెల్లాలు దొరికేవి. ముందు ఇసుకలో వేలుతో అక్షరాలు దిద్దాలి. చెయ్యి తిరిగిన తరువాత తాటాకు, గంటం. ఓనమాలు, గుణింతం, ఎక్కాలు, ఆ తరువాత శతక పద్యాలు. తప్పు చేసిన వాడికి గోడకుర్చీ, కోదండం. పొలం పనులు ముమ్మరంగా ఉన్నప్పుడు బడి ఖాళీ. 

మన వాళ్ళ మక్తబు కూడా ఇంచుమించు అలాగే ఉండేది. ఇసుకకు బదులు తఖ్తీ అనే చెక్కపలక. దానికి మట్టి పూసి ఆరబెట్టి, రెల్లు కలంతో వ్రాసి, సాయంత్రం కడిగి మళ్ళీ మట్టి పూసేవారు. అక్కడా వల్లెవేయడమే, ఇక్కడా వల్లెవేయడమే.

1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో, జిల్లాల్లో ఎన్ని బడులున్నాయో లెక్క తీసి పంపమని కలెక్టర్లను అడిగేరు. అప్పటి గంజాం జిల్లా నుండి వెళ్ళిన లెక్కలో 255 బడులు, వాటిలో 2,977 మంది పిల్లలు ఉన్నారు. బళ్ళారి కలెక్టరు కాంబెల్ 1823లో పంపిన నివేదిక మరీ వివరంగా ఉంటుంది. ఆ జిల్లాలో 533 బడులు. వాటిలో తెలుగువి 226, ఫార్సీవి 21. పిల్లలు మొత్తం 6,641 మంది. అందులో ముస్లిం పిల్లలు 243 మంది. హిందువుల్లో ఆడపిల్లలు 60 మంది మాత్రమే. పొద్దున్నే బడికి అందరికన్నా ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో గౌరవంగా సరస్వతి పేరు వ్రాసేవారట. రెండోవాడి చేతిలో సున్న చుట్టేవారు. మూడోవాడికి ఒక బెత్తం దెబ్బ, నాలుగోవాడికి రెండు, అలా వరస పెరిగిపోయేది. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు నేర్పే పద్ధతిని కాంబెల్ మెచ్చుకున్నాడు. అయితే ఒక పెద్ద లోపం కూడా పట్టుకున్నాడు. పిల్లలు చదివే పద్యాల భాషకూ వాళ్ళు మాట్లాడుకునే భాషకూ పొంతన లేదు. కంఠతా అప్పజెబుతారు గాని అర్థం తెలియదు. ఈ మాట 1823 నాటిది. దీనికి మందు వెతకడానికి మన శ్రీకాకుళం సీమలో ఒకాయన పుట్టడానికి ఇంకా నలభయ్యేళ్ళు పట్టింది.

రామమూర్తి గారు 1863 ఆగష్టు 29న శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేట అగ్రహారంలో పుట్టేరు. తల్లి వెంకమ్మ గారు, తండ్రి వీర్రాజు గారు. తండ్రి విజయనగరం సంస్థానంలో రెవెన్యూ ఉద్యోగి. కుర్రవాడికి పన్నెండేళ్ళు వచ్చేసరికి, 1875లో, తండ్రి విషజ్వరంతో పోయేరు. సంపాదించే మనిషి పోతే ఇంటి పరిస్థితి ఎలా ఉంటుందో చదివేవారికి చెప్పనక్కరలేదు. మేనమామ గారింట ఉండి విజయనగరంలో మహారాజా వారి ఇంగ్లీషు బడిలో చదువుకున్నారు. అక్కడ ఆయనతో కలిసి చదువుకున్న వాడే, తరువాతి కాలంలో కన్యాశుల్కం నాటకం వ్రాసిన గురజాడ అప్పారావు గారు. ఒకే బెంచీ మీది ఇద్దరు కుర్రాళ్ళు పెద్దయ్యేక తెలుగుభాష దారినే మార్చేరు.

1879లో మెట్రిక్యులేషను ప్యాసయ్యేరు. ఇంకా పై చదువులకు ఇంట్లో తాహతు లేదు. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో నెలకు ముప్పై రూపాయల జీతం మీద మేష్టారుగా చేరేరు. చరిత్ర పాఠం చెప్పడం ఆయన పని. అప్పటికి ఆయన వయస్సు పదిహేడు. పగలు పిల్లలకు పాఠం చెప్పుకుంటూ, రాత్రి దీపం దగ్గర తాను చదువుకుంటూ, ప్రైవేటుగా ఎఫ్.ఏ., ఆ పైన బి.ఏ. పట్టా సంపాదించేరు. ఉద్యోగం చేస్తూ పరీక్షలకు కట్టిన మన మేష్టర్లందరికీ ఆ కష్టం తెలుసు.

పర్లాకిమిడి మనకు పరాయి ఊరు కాదు. నౌపడా నుండి టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడికి 1900లో చిన్న రైలు వేసేరు. నా చిన్నతనంలో కూడా ఆ చిన్న బండి పొగలు కక్కుతూనో, తరువాత డీజిలు మీదనో నడిచేది. 2004లో అది ఆగి, తరువాత పెద్ద లైనయ్యింది. ఉద్దానం వాళ్ళు ఆ బండెక్కి సంతలకీ, చుట్టాల ఇళ్ళకీ వెళ్ళేవారు. రామమూర్తి గారు ఉద్యోగంలో చేరిన నాటికి ఆ రైలు కూడా లేదు. బండ్లు, కాలినడక, అంతే.

పర్లాకిమిడి చుట్టుపక్కల కొండల్లో సవరలుంటారు. కొండవాలు మీద మెట్లుమెట్లుగా గట్లు కట్టి వరి పండించడంలో వాళ్ళంత నేర్పరులు అరుదు. కొండపంట పట్టుకుని సంతకు దిగేవారు. భాష రాదు, లెక్క రాదు. ధర షావుకారు ఎంతంటే అంత. అధికారులతో ఏదైనా చెప్పుకోవాలంటే మధ్యన మాట మార్చి చెప్పే దుబాసీ. వాడు ఏం చెప్పాడో, ఆ దొర ఏం విన్నాడో, సవరకు తెలియదు. వీళ్ళ పిల్లలకు వీధిబడి లేదు, మక్తబూ లేదు, రాజావారి బడీ లేదు. మన్రో లెక్కల్లో ఎక్కని పిల్లలు వీళ్ళు.

రామమూర్తి గారు ఈ మనుషుల్ని చూసి ఊరుకోలేకపోయేరు. చదువు చెబితే గాని వీళ్ళ కష్టం తీరదని ఆయనకు తోచింది. అయితే తెలుగులో చెప్పాలా? సవరభాష తెలుగుకు గాని ఒడియాకు గాని చుట్టం కాదు. అది సంతాలీ, ముండారీ భాషల కుటుంబంలోది. సవర బిడ్డకు పులి అంటే కినా. ఆ బిడ్డను కూర్చోబెట్టి పు కొమ్ము, లి గుడి అని ఎన్నాళ్ళు దిద్దించినా దాని కళ్ళ ముందు పులి కనిపించదు. కాబట్టి ముందు తాను సవర నేర్చుకోవాలి అని నిశ్చయించుకున్నారు.

నేర్చుకోవడానికి పుస్తకం లేదు. సవరకు అప్పటికి లిపి కూడా లేదు. అందుచేత తెలుగూ సవరా రెండూ తెలిసిన ఒక మనిషిని తన ఇంట్లోనే పెట్టుకుని, రోజూ అతనితో మాట్లాడుతూ, విన్నది వ్రాసుకుంటూ నేర్చుకున్నారు. ఇక్కడ ఒక క్షణం ఆగి ఆలోచించాలి. అవి అంటూ సొంటూ గట్టిగా పాటించే రోజులు. బ్రాహ్మణ కుటుంబీకుడు, రాజావారి బడిలో గౌరవమైన ఉద్యోగం. ఆయన కొండవాళ్ళ భాష కోసం ఇంటి తలుపులు తీసేరు, తాను కొండలెక్కేరు. సవర గూడేల్లో తిరిగి వాళ్ళ పాటలు, కథలు, మాటలు పోగుచేసేరు. ఇదంతా ఒకటి రెండేళ్ళలో అయిన పని కాదు.

భాష పట్టుబడ్డాక సవరలో పుస్తకాలు వ్రాసేరు. సొంత డబ్బుతో బడులు పెట్టేరు. వాటిలో చెప్పే అయ్యవార్లకు జీతాలు తన జేబులోంచి ఇచ్చేరు. ముప్పై రూపాయలతో మొదలుపెట్టిన జీతగాడు ఇంకొకళ్ళకు జీతాలివ్వడం ఎంత కష్టమో సంసారులకు తెలుస్తుంది. సవర పిల్లలు మొట్టమొదటిసారిగా, ఇంట్లో అమ్మ మాట్లాడే మాటను బడిలో పంతులు నోట విన్నారు. నా దృష్టిలో ఆయన చేసిన అన్ని పనుల్లోకీ ఇదే పెద్దది.

ఈ పనికి ఆయన చెల్లించిన మూల్యం చిన్నది కాదు. ఆ కొండల్లో మలేరియా జ్వరం ఎక్కువ. ఆయనకూ పట్టుకుంది. అప్పట్లో దానికి మందు క్వినైను ఒక్కటే. జ్వరం తగ్గించుకోవడానికి అది వాడి వాడి చెవులు దెబ్బతిన్నాయి. క్రమంగా వినికిడి పోయింది. ఒక భాషను చెవులతో విని నేర్చుకున్న మనిషికి ఆ భాష కోసమే చెవులు పోయేయి. అయినా పని మానలేదు.

1911లో ముప్పై ఏళ్ళ ఉద్యోగం ముగించి విశ్రాంతి తీసుకున్నారు. విశ్రాంతి అన్నది కాగితం మీదే. సవరల కోసం చేసిన సేవకు మెచ్చి ప్రభుత్వం 1913లో రావు సాహెబు బిరుదిచ్చింది. తరువాత కైజర్-ఇ-హింద్ పతకం కూడా వచ్చింది. ఆయన ఇంగ్లీషులో వ్రాసిన సవర వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వం 1931లో అచ్చువేసింది. సవర నిఘంటువులు కూడా ఆ దశకంలోనే వెలువడ్డాయి. కాలేజీలో భాషాశాస్త్రం చదవని మనిషి, సొంతంగా నేర్చుకుని చేసిన పని అది. అంతకు ముందే శ్రీముఖలింగం గుడి గోడల మీది శాసనాలను తనంతట తానే చదవడం నేర్చుకున్నారు. తెలియనిది కనబడితే నేర్చుకునే వరకూ నిద్రపట్టని స్వభావం ఆయనది.

ఇక తెలుగు సంగతి. 1906 ప్రాంతంలో జె.ఏ. యేట్స్ అనే ఇంగ్లీషు దొర ఈ జిల్లాలకు స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా వచ్చేరు. జనం మాట్లాడే తెలుగు ఒకటి, బడిలో చెప్పే తెలుగు ఇంకొకటి ఎందుకుందో ఆయనకు అంతుపట్టలేదు. ఆ ప్రశ్న గురజాడ వారినీ, రామమూర్తి గారినీ, విశాఖపట్నంలో కాలేజీ ప్రిన్సిపాలుగా ఉన్న పి.టి. శ్రీనివాసయ్యంగారినీ ఒకచోట చేర్చింది. సవర పిల్లకు సవరలో చెప్పాలని పట్టుబట్టిన మనిషికి, తెలుగు పిల్లకు ఎవ్వరూ మాట్లాడని తెలుగులో చెప్పడం అన్యాయంగా కనిపించకుండా ఎలా ఉంటుంది? కొండమీద మొదలైన ఆలోచనే కొండ దిగి వచ్చి వ్యవహారిక భాషోద్యమం అయిందని నా అభిప్రాయం.

గొడవ చాలా పెద్దదయ్యింది. స్కూలు ఫైనలు పరీక్షలో వ్యాసం వాడుకభాషలో వ్రాయవచ్చునని మొదట ప్రభుత్వం ఒప్పుకుంది. జయంతి రామయ్య పంతులు గారి వంటి పెద్దలు గట్టిగా అడ్డుపడ్డారు. ఆ అనుమతి కాస్తా రద్దయ్యింది. 1915లో గురజాడ వారు పోయేరు. భారమంతా ఈ చెవిటి మేష్టారి మీద పడింది. ఆయన ఊరూరా తిరిగేరు. సభల్లో వాదించేరు. పాత కవుల గ్రంథాలే తీసి, పండితులు తప్పులంటున్న మాటలు వాటిలోనే ఉన్నాయని వరసపెట్టి చూపించేరు. 1919లో తెలుగు అనే పత్రిక నడిపేరు. 1925లో తణుకులో జరిగిన సాహిత్య పరిషత్తు సభలో నాలుగు గంటలు ఏకధాటిగా మాట్లాడి ఎదుటి పక్షాన్ని ఆలోచింపజేసేరు. మెల్లమెల్లగా పత్రికలు, తరువాత పుస్తకాలు, ఆ తరువాత బడులు ఆయన దారిలోకి వచ్చేయి. ఈ రోజు నేను ఈ వ్యాసాన్ని ఇలా వ్రాయగలుగుతున్నానంటే ఆయన చలవే.

ఆఖరి రోజుల్లో ఆయనకు పెద్ద దెబ్బ తగిలింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి, పర్లాకిమిడి అందులోకి పోయింది. అలా కాకూడదని ఆయన ఎంతో పాటుపడ్డారు. ఫలించలేదు. యాభై ఆరేళ్ళు అన్నం పెట్టిన ఊరిని, డెబ్బైమూడో ఏట వదిలిపెట్టి రాజమహేంద్రవరం చేరుకున్నారు. 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదుతో సత్కరించింది. 1940 జనవరి 22న ఆయన కన్నుమూసేరు. ఆయన కుమారుడు గిడుగు వెంకట సీతాపతి గారు సవరభాష పనిని ముందుకు తీసుకువెళ్ళేరు. రామమూర్తి గారు పుట్టిన ఆగష్టు 29వ తేదీని ఇప్పుడు మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం.

ఇంతవరకూ ఆయన గొప్పతనం చెప్పేను. ఇప్పుడు నా సిగ్గుచేటు ఒకటి చెప్పుకోవాలి. అది చెప్పకపోతే ఈ వ్యాసం వ్రాసి లాభం లేదు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, నా తరగతిలో రెండో క్లాసు పిల్లవాడొకడు ఉండేవాడు. పేరు వ్రాయను. ఏదైనా కావాలా అని అడిగితే నక్కో అనేవాడు. నాకు అనడానికి మేరేకూ అనేవాడు. పుస్తకం ప్రకారం నహీఁ అనాలి, ముఝే అనాలి. వాడి ఇంట్లో అమ్మా నాన్నా, నాయనమ్మా మాట్లాడేది ఆ దక్కనీయే. నిజం చెప్పాలంటే మా ఇంట్లో మా అమ్మ మాట్లాడేదీ అదే. అయినా నేను ట్రైనింగు పొందిన మేష్టార్ని కదా! నోరు తెరిచినప్పుడల్లా వాణ్ణి నలుగురిలో సరిదిద్దేను. మిగతా పిల్లలు నవ్వేవారు. నెల తిరిగేసరికి వాడు మాట్లాడడమే మానేసేడు. వాడు మొద్దు అని రిజిస్టరు పక్కన గుర్తు పెట్టుకున్నాను. తరువాతి ఏడాది వాడు బడికి రాలేదు. ఏదో కొట్టులో పనికి పెట్టేరని విన్నాను.

చాలా ఏళ్ళ తరువాత రామమూర్తి గారి జీవితం చదువుతున్నప్పుడు ఆ పిల్లవాడు గుర్తుకొచ్చేడు. బ్రాహ్మణ పంతులు ఒకాయన తనది కాని భాషను, కొండల్లో జ్వరం తెచ్చుకుని, చెవులు పోగొట్టుకుని పిల్లల కోసం నేర్చుకున్నారు. నేను నా తల్లి మాట్లాడే భాష మాట్లాడినందుకే ఒక బిడ్డ నోరు మూయించేను. వాడు మొద్దు కాదు. మొద్దు ఎవరో నాకు ఆ రాత్రి తెలిసింది.

అప్పటి నుంచి నా పద్ధతి మార్చుకున్నాను. మొదటి రెండు మూడు నెలలు పిల్లలు ఇంటిమాట ఎలా మాట్లాడితే అలా మాట్లాడనిస్తాను, నేనూ అలాగే జవాబిస్తాను. నక్కో అన్నవాడికి నక్కో తోనే మొదలుపెట్టి, నహీఁ అనేది పక్కింటి చుట్టంలా మెల్లగా పరిచయం చేస్తాను. పుస్తకభాష వద్దని నేను అనను. అది రావాలి, ఇంగ్లీషూ రావాలి, లేకపోతే ఉద్యోగాలు రావు. కాని మొదటి మెట్టు పిల్లవాడి గుమ్మం ముందరే ఉండాలి. ఆ మెట్టు లేకుండా రెండోది ఎక్కమంటే కిందపడతాడు.

రామమూర్తి గారి పని వృథా పోలేదు. 2004 ప్రాంతం నుంచి మన రాష్ట్రంలో సవరతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో చిన్నతరగతుల పిల్లలకు తెలుగు లిపిలో వాచకాలు తయారుచేసి పాఠాలు చెప్పే ప్రయత్నం మొదలయ్యింది. 2020 నాటి జాతీయ విద్యావిధానం కూడా వీలైనంత వరకూ అయిదో తరగతి దాకా ఇంటిభాషలో చెప్పాలని చెప్పింది. ఆయన నూరేళ్ళకు పైగా వెనుక, ప్రభుత్వం చెప్పకముందే, ముప్పై రూపాయల జీతంతో మొదలుపెట్టి ఆ పని చేసేరు.

సోదరులారా, సోదరీమణులారా! మన సంఘం ప్రతి ఏడూ బీద పిల్లలకు పుస్తకాలు, ఫీజులు, బట్టలు ఇస్తోంది. చాలా మంచి పని. దానితో పాటు ఇంకొక చిన్న పని ఉంది. దానికి డబ్బు అక్కరలేదు. మీ వీధిలో ఏ పిల్లవాడైనా బడి మానేస్తే, వాడికి చదువు రాదని తేల్చేయకండి. వాడు ఇంట్లో ఏ మాట మాట్లాడతాడు, బడిలో ఏ మాట వింటున్నాడు అని ఒక్కసారి వాకబు చేయండి. వాడి ఇంటిమాట తెలిసిన వాళ్ళు సాయంత్రం ఒక గంట పక్కన కూర్చుంటే చాలు, సగం పిల్లలు మళ్ళీ బడిబాట పడతారు. ఇది మన పిల్లల సంగతే కాదు. జీడిపిక్కల షెడ్డుల్లో పనికి వచ్చిన కుటుంబాల పిల్లలున్నారు, ఇచ్ఛాపురం వైపు ఒడియా పిల్లలున్నారు, మందస కొండల్లో సవర పిల్లలున్నారు. అందరూ మన ఉద్దానం పిల్లలే.

నా తరగతిలోంచి వెళ్ళిపోయిన ఆ కుర్రవాడు ఇప్పుడు పెద్దవాడై ఉంటాడు. వాడి పిల్లలు కూడా బడి ఈడుకు వచ్చి ఉంటారు. ఎప్పుడైనా కనబడితే క్షమాపణ చెప్పుకోవాలని ఉంది. వాడి పిల్లలు నా బడికి వస్తే మాత్రం, మొదటి రోజున నేను వాళ్ళతో మాట్లాడేది వాళ్ళ నాయనమ్మ మాట్లాడే భాషలోనే.